చివరి బెంచీ దాకా చూసే లెన్సు

పురసవాక్కం హైరోడ్డులో రెండు బట్టల కొట్ల మధ్య ఇరుక్కున్న ఫోటో ల్యాబులో జీవిత చాలా ఏళ్లుగా పనిచేస్తోంది. పాస్‌పోర్టు ఫోటోలు తీస్తుంది, పెళ్లి ఆల్బములు ప్రింటు వేస్తుంది. వీటన్నిటికంటే ఆమెకు పేరు తెచ్చిన పని ఇంకొకటి ఉంది. పోయినవాళ్ల పాత ఫోటోలు ఎవరైనా తెచ్చిస్తే వాటి చిరుగులు మాన్పి, మరకలు తుడిచి, పెద్దవి చేసి ఇస్తుంది. కొట్టుకు వచ్చినవాళ్లు ఆ పటాన్ని చేతిలోకి తీసుకుని, "మా నాయన ఇప్పుడే లేచొచ్చినట్టు ఉండాడమ్మా" అని కళ్లు ఒత్తుకుంటారు. ఒకప్పుడు ఆ మాటకు ఆమె పొంగిపోయేది. అన్న పోయినప్పటినుంచి మాత్రం, స్క్రీను మీద ఒక్కో మొహం తేటపడుతుంటే ఆమె చేతులు చల్లబడతాయి.

అన్న పేరు ఆంటో. ఆమెకంటే ఆరేళ్లు పెద్దవాడు. ఉత్తర మద్రాసులో చర్చి పెళ్లిళ్లూ, నిశ్చితార్థాలూ, పుట్టినరోజులూ తీసి బతికాడు. చెల్లెలికి కెమెరా పట్టుకోవడం నేర్పింది అతనే. "రెండు కళ్లూ తెరిచి పెట్టు. ఒక కన్ను ఫోటోకి, ఇంకో కన్ను మనుషులకి" అనేవాడు. ఏ మండపంలోనైనా పని లేని క్షణం దొరికితే వెళ్లి ఒక స్తంభానికి ఎడమ భుజం ఆనించి, కాలు మీద కాలు మెలిపెట్టి నిలబడేవాడు. ఆ నిలుపు చూసి అతన్ని ఎంత దూరంనుంచైనా ఆనవాలు పట్టవచ్చు.

రెండేళ్ల కిందట వానాకాలంలో, రాయపురంలో ఒక నిశ్చితార్థం ముగించుకుని బైకు మీద వస్తుండగా బేసిన్ బ్రిడ్జి దిగేచోట ఒక నీళ్ల లారీ అతన్ని కొట్టింది. అంబులెన్సు వచ్చేలోపే అంతా అయిపోయింది. పోలీసు స్టేషనులో అతని బ్యాగు తిరిగి ఇచ్చారు. కెమెరాకు గీత కూడా పడలేదు. లెన్సు మాత్రం నలిగిపోయింది. ఆ లెన్సును జీవిత జార్జి టౌన్‌కు తీసుకెళ్లి, కెమెరాలు బాగుచేసే వెంకటపతి చేతికి ఇచ్చింది. ఆంటో ఆ లెన్సు కొన్నదీ ఆయన దగ్గరే. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తుంటే గాజు పొడి బల్ల మీద రాలింది. ఆయన ఆ పొడిని ఒక కాగితంలోకి ఊడ్చి, మడత పెట్టి పక్కన పెట్టాడు. పారేయడానికి ఆయనకు చేతులు రాలేదు.

లారీ డ్రైవరు మీద కేసు పెట్టారు. ఎగ్మూరు కోర్టుకు జీవిత ఒకసారి వెళ్లింది. వరండాలో జనం మధ్య, పోలీసు పక్కన తల వంచుకుని నిలబడ్డ ఒక నల్లటి సన్నటి మనిషిని లాయరు చూపించాడు. పేరు వేలు అన్నాడు. ఆమె అతని మొహం చూసింది, అతను ఆమెను చూడలేదు. తర్వాత అతనికి బెయిలు వచ్చింది. కేసు వాయిదాల మీద వాయిదాలు పడుతూ పోయింది. తల్లి పాప్పాత్తి మాత్రం కోర్టు గడప ఎక్కలేదు.

పాప్పాత్తికి బాప్తిస్మంలో పెట్టిన పేరు వేరే ఉంది. దాన్ని పాస్టరు తప్ప ఎవరూ పలకరు. కార్పొరేషనులో వీధులు ఊడ్చి రిటైరయిన మనిషి. ఓట్టేరి హౌసింగ్ బోర్డు ఇళ్లలో కూతురితో ఉంటోంది. కొడుకు పోయాక ఆమె ఎక్కువగా ఏడవలేదు. మాటలు తగ్గించేసింది, అంతే.

వాళ్ల తెలుగు చర్చిలో పండుగలకూ పెళ్లిళ్లకూ ఫోటోలు తీసే పని ఆంటోది. అతను పోయాక ఆ పని అడగకుండానే జీవిత మీద పడింది. అన్న కెమెరాకు, దాంతోపాటే వచ్చిన చిన్న జూమ్ లెన్సు తగిలించుకుని ఆమె వెళ్లేది. పగటిపూట అది బాగానే తీసేది. సాయంకాలపు ఆరాధనల్లో చేతులెత్తేసేది. చర్చి పాతది. కిటికీలు చిన్నవి. వెనక బాల్కనీ కింద ఎప్పుడూ మసకగా ఉంటుంది. ఫ్లాష్ వేస్తే ప్రార్థనలో ఉన్నవాళ్లు ఉలిక్కిపడుతున్నారని పెద్దలు వద్దన్నారు. కాబట్టి ఆమె బలిపీఠం పక్కన ఒక మూల నిలబడి, దొరికిన వెలుతురులో తీసేది.

ఆ మనిషిని ఆమె మొదటిసారి చూసింది కోతల పండుగ ఫోటోల్లో.

ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చుని ఒక్కో ఫోటో తిప్పుతోంది. ముందు వరసల్లో గుమ్మడికాయలు, అరటిగెలలు, పిల్లలు. వెనక, బాల్కనీ కింద, చివరి బెంచీ పక్కనున్న స్తంభానికి ఎవరో ఎడమ భుజం ఆనించి నిలబడి ఉన్నారు. కాలు మీద కాలు మెలిపెట్టి. మొహం ఉండాల్సిన చోట చీకటి ముద్ద.

ఆమె ఫోటోను పెద్దది చేసింది. పెద్దది చేసేకొద్దీ మనిషి పోయి రవ్వలాంటి చుక్కలు మిగిలాయి. మళ్లీ చిన్నది చేస్తే మళ్లీ మనిషి అయ్యాడు. 

తర్వాత ఒక పెళ్లి సాయంత్రం తీసిన ఫోటోల్లోనూ అతను ఉన్నాడు. ఒక బాప్తిస్మపు ఆరాధనలోనూ ఉన్నాడు. కొన్నిటిలో స్తంభం దగ్గర, కొన్నిటిలో చివరి బెంచీ మీద. తీసేటప్పుడు ఆమె చూపంతా ముందున్నవాళ్ల మీదే ఉండేది. ఆరాధన ముగిసి, జనం కదిలి, ఆమె తలెత్తేసరికి అక్కడ ఎవరూ ఉండేవారు కాదు. ఆమె చదువుకున్న పిల్ల. చచ్చినవాళ్లు తిరిగి రారని తెలుసు. ఎవరో కొత్త విశ్వాసి అయి ఉంటాడనీ తెలుసు. ఆరాధన మధ్యలో వెనక్కు నడిచివెళ్లి చూస్తే ఒక్క నిమిషంలో తేలిపోయే సంగతి. ఆ నడకే ఆమెకు చేతకాలేదు. వెళ్లి చూస్తే అతను ఎవరో ఒకడై ఉంటాడు. చూడనంతవరకూ అన్నే.

అలా ఆమె రోజూ పని నుంచి వచ్చి, అన్నం తిని, ఆ ఫోటోలు తెరుచుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. పోయినవాళ్ల మొహాలు బాగుచేసే చేయి ఆమెది. ఉన్న విద్యంతా వాడి ఆ చీకటి ముద్దను తేట చేయాలని చూసింది. కెమెరాలోకి రాని మొహాన్ని కంప్యూటరు ఎక్కడినుంచి తెస్తుంది?

నవంబరు చివరలో పాస్టర్ జెబరాజ్ ఆమెను పిలిపించాడు. ఆయన తమిళుడు. తెలుగు సంఘానికి వచ్చాక బైబిలు చదివి తెలుగు నేర్చుకున్నాడు. అందుకని ఆయన మాటలు ఎప్పుడూ బైబిలులోంచి లేచి వచ్చినట్టు ఉంటాయి.

"సహోదరీ, ఈ చిత్రములలో విశ్వాసుల ముఖములు కనబడుట లేదే! అందరూ బూడిదలో కూర్చున్నట్లు ఉన్నారు" అన్నాడు. "క్రిస్మస్‌కు ముందు క్యాండిల్ సర్వీస్ ఉన్నది. దీపములన్నీ ఆర్పివేసెదము. ఆ చిత్రములు సంఘపు పుస్తకములో వేయవలెను."

"వేరే లెన్సు కావాల పాస్టరయ్యా. దీంతో కాదు."

"అయితే తీసుకొనుము. సంఘము కొంత ఇచ్చును."

ఆమె పాస్టరు గదిలోంచి బయటికి వచ్చి, ఖాళీ చర్చిలో బలిపీఠం పక్కన తన మూలలో నిలబడి చివరి బెంచీ వైపు చూసింది. ఆ దూరాన్ని కళ్లతోనే కొలుచుకుంది. సంఘపు పుస్తకం సంగతి అప్పుడు ఆమెకు గుర్తులేదు.

మరుసటి శనివారం జార్జి టౌన్ వెళ్లింది. తోపుడు బళ్ల మధ్యనుంచి, కాగితం బేళ్ల పక్కనుంచి దారి చేసుకుంటూ, ఇరుకు మెట్లెక్కి వెంకటపతి గది చేరింది. ఆయన తాతలు ఆ సందులోనే కళ్లజోళ్ల అద్దాలు హోల్‌సేలుగా అమ్మారు. ఈయన ఆ అద్దాలను వదిలి కెమెరా అద్దాలు పట్టుకున్నాడు. అద్దాల బీరువాలో బల్బు ఒకటి ఎప్పుడూ వెలుగుతూ ఉంటుంది, లెన్సులకు తేమ పట్టకుండా.

"రామ్మా జీవితా. ఈడ కూర్చో. అమ్మ ఎట్లుండాది?"

"ఉండాది సార్." ఆమె బ్యాగులోంచి కెమెరా తీసి బల్ల మీద పెట్టింది. "లోపల జరిగే ఫంక్షన్‌కి ఒక జూమ్ కావాల. ఫ్లాష్ వెయ్యకూడదు. కొత్తది కొనే శక్తి లేదు."

ఆయన వెంటనే బీరువా తెరవలేదు. "ఆడ వెలుతురు ఎట్లుంటాది? నువ్వు యాడ నించుంటావు? మనుషులు యాడుంటారు?" అని అడిగాడు. ఆమె చెప్పింది. ఆయన తల ఊపి, ముందు ఒక పొడుగాటి తేలికపాటి లెన్సు తీశాడు.

"అందరూ వచ్చి దీన్నే అడుగుతారు. దూరం పోతాది, బరువుండదు, చవక. అయితే దూరం పోయేకొద్దీ దీని కన్ను మూసుకుంటాది. ఎండలో మెరీనాలో పిల్లకాయల్ని తీసేదానికి సరి. మీ చర్చిలో పెడితే మళ్లీ అదే చీకటి."

"చెయ్యి వణికినా ఆపే ఏర్పాటు దీంట్లో ఉండాది గదా సార్?"

"నీ చెయ్యి వణికితే ఆపుతాది. ఆడ కూర్చున్నోడు తల తిప్పితే ఎట్లా ఆపుతాదమ్మా? దానికి వెలుతురే కావాల." ఆయన దాన్ని లోపల పెట్టి ఇంకోటి, అరచేతిలో ఇమిడేది, తీశాడు. "ఇది ఫిఫ్టీ ఎం.ఎం. అన్నిటికంటే చవక, అన్నిటికంటే వెలుతురు తాగుతాది. జూమ్ లేదు. కావాలంటే నువ్వే ముందుకీ వెనక్కీ నడవాల."

"నడిచేదానికి లేదు. ప్రార్థనప్పుడు కదిలితే పెద్దోళ్లు తిడతారు."

"సరి, అయితే ఇది." మూడోది పొట్టిగా, దిట్టంగా ఉంది. "పదిహేడు నుంచి యాభై. ఎంత జూమ్ చేసినా వెలుతురు లెక్క టూ పాయింట్ ఎయిటే. కన్ను మూసుకోదు. హాలంతా వస్తాది, పెళ్లికూతురి మొహం కూడా వస్తాది. నా మాట విని ఇది తీసుకో. నీ పనికి ఇదే."

జీవిత దాన్ని కెమెరాకు తగిలించి చూసింది. ఆయన చెప్పింది నిజమే. గదంతా కంటిముందు తేటగా నిలబడింది. ఆమె దాన్ని దించి, "దీంతో చివరి బెంచీలో ఉండే మనిషి మొహం తెలుస్తాదా సార్?" అని అడిగింది.

"చివరి బెంచీయా?" ఆయన కళ్లజోడు పైకెత్తి ఆమెను చూశాడు. "చిన్నగా తెలుస్తాది. బొటనవేలి గోరంత."

"అది చాలదు."

ఆయన బీరువా ముందు వంగాడు. అడుగు అరలోంచి గుడ్డలో చుట్టిన ఒక లావాటి లెన్సు తీశాడు. నల్లరంగు లేచిపోయి అంచుల్లో ఇత్తడి కనిపిస్తోంది. ఎనభై నుంచి రెండు వందలది, పాత కాలపుది. ఇదీ ఎంత దూరం జూమ్ చేసినా టూ పాయింట్ ఎయిటే.

"వణుకు ఆపే ఏర్పాటు దీంట్లో లేదు. ఇటికరాయంత బరువు. చీకట్లో ఫోకస్ తడుముకుంటాది, గరగరమని అరుస్తాది. అందుకే ఎవరూ కొనరు, అందుకే నీకు అందే ధర. ఇంకోటి చూడు." లెన్సులోకి టార్చి వేసి చూపించాడు. లోపలి గాజు అంచున సాలెగూటి పోగుల్లాంటి తెల్లటి గీతలు. "ఫంగస్. మద్రాసు గాలి. అంచునే ఉండాది, ఫోటోలో రాదు. తేమ పోతాదని బియ్యం డబ్బాలో పెట్టకుండా, గాలి తగిలేచోట పెట్టుకుంటే పెరగదు."

ఆమె దాన్ని తగిలించి, కిటికీ అంచున మోచేయి ఆనించి ఎదురు గోడౌనులోకి చూసింది. మామూలు కంటికి ఆ గోడౌను చీకటి గుహ. లెన్సు గరగరమని, తడుముకుని, ఆగింది. లోపల అట్టపెట్టెల మీద తల వాల్చి నిద్రపోతున్న ఒక కూలీ కనిపించాడు. అతని రెప్పలు కనిపించాయి. పెదవి మూల ఆరిన చొంగ కనిపించింది. తను చూస్తున్నట్టు అతనికి తెలియదు. జీవితకు ఒళ్లు జలదరించింది.

"ఇదే ఇవ్వండి సార్."

"ఆంటో అయితే నన్ను తిట్టేవాడు, చెల్లెలికి తప్పు సరుకు అమ్మినావని" అన్నాడు ఆయన. అని, ఆ పేరు నోటి వెంట వచ్చినందుకు తానే ఇబ్బందిపడి, లెన్సును గుడ్డతో చాలాసేపు తుడిచి ఇచ్చాడు. ఒంటికాలి స్టాండు ఒకటి ఊరికే ఇచ్చి, "దీని మీద ఆనించు, చెయ్యి పడిపోతాది" అన్నాడు.

క్యాండిల్ సర్వీస్ రోజు సాయంత్రం వాన తుంపర పడింది. తడిసిన చీరల వాసన, మైనం వాసన కలిసి చర్చి నిండిపోయింది. జీవిత తన మూలలో స్టాండు మీద లెన్సు ఆనించి నిలబడింది. ముందు వరసల్లోని పిల్లల ఫోటోలు కొన్ని చిన్న లెన్సుతో తీసి, పెద్దది తగిలించింది. గుండె చప్పుడు స్టాండులోంచి నేలకు దిగుతున్నట్టు అనిపించింది.

దీపాలు ఆర్పేశారు. బలిపీఠం మీది పెద్ద కొవ్వొత్తి నుంచి పాస్టరు తన వత్తి వెలిగించుకుని, ముందు వరసకు అందించాడు. ఒకరి నుంచి ఒకరికి, వరస నుంచి వరసకు వెలుతురు వెనక్కు నడవడం మొదలైంది. పాట మెల్లగా లేచింది. జీవిత లెన్సులోంచి ఆ వెలుతురు వెంట నడిచింది. ఒక్కో మొహం కిందినుంచి వెలిగి, పక్కకు తిరిగి, ఇంకో మొహాన్ని వెలిగిస్తోంది. ఇలాంటి ఫోటోలు ఆమె బతుకులో తీయలేదు. చూపుడువేలు దానంతటదే బటను నొక్కుతోంది.

వెలుతురు బాల్కనీ కిందికి చేరింది. చివరి బెంచీ ఇంకా చీకటిలోనే ఉంది. ఆ చీకటిలో ఇద్దరున్నారు. ఒకరు మగమనిషి. పక్కనున్నది ఆడమనిషి. ఆడవాళ్లంతా కుడివైపు కూర్చునే చర్చిలో, మగవాళ్ల వైపు, చివరి బెంచీలో ఆడమనిషి ఎవరా అనుకుంటుండగా వాళ్లకు ముందున్న బెంచీలోని మనిషి వెనక్కు తిరిగి ఆమె వత్తి వెలిగించాడు.

అది పాప్పాత్తి.

 తల్లి తన వత్తిని చేయి అడ్డం పెట్టి కాపాడుకుంటూ, పక్క మనిషి వైపు వంచింది. అతని వత్తి ఒకసారికి అంటుకోలేదు. ఆమె ఇంకా దగ్గరికి వంచింది. రెండు మంటలు ఒకటై, విడిపోయి, అతని మొహం చీకటిలోంచి లేచింది.

అన్న కాదు. కోర్టు వరండాలో తల వంచుకున్న మొహం. ఇప్పుడు తల ఎత్తి ఉంది. కళ్లు తడిగా మెరుస్తున్నాయి. అతను చర్చి పొడుగునా నేరుగా లెన్సులోకి, ఆమె కంట్లోకి చూశాడు.

బటను ఎప్పుడు నొక్కిందో ఆమెకు తెలియదు. చప్పుడు మాత్రం వినపడింది.

ఇంటికి నడుస్తున్నప్పుడు పాప్పాత్తి చేతిలో సగం కాలిన కొవ్వొత్తి అలాగే ఉంది. వీధిలో నీళ్లు నిలిచాయి. ఇద్దరూ చెప్పులు చేతిలో పట్టుకుని నడిచారు.

"అమ్మా, నీ పక్కన కూర్చున్నోడు ఎవురో తెలుసా నీకు?"

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"కోతల పండగ నుంచి." పాప్పాత్తి నడక ఆపలేదు. "గేటు కాడ ఆడే వచ్చి చెప్పినాడు. నేను వేలుని, లారీ తోలినోణ్ణి అన్నాడు. ఏసు బిడ్డేం కాదు ఆడు. తెలుగోడే, ఉండేది వ్యాసర్‌పాడిలో. కాళ్ల మీద పడబోయినాడు. చెప్పు ఊడదీసినా జీవీ, కొట్టాలనే."

"కొట్టినావా?"

"ఒక మాట అడిగి కొడదామనుకున్నా. నా బిడ్డ పోయేముందు ఏమన్నా అన్నాడా అని అడిగినా. అన్నాడంట."

జీవిత నీళ్లలోనే ఆగిపోయింది.

"బ్యాగు తడస్తా ఉండాది, పైన పెట్టు అన్నాడంట. ఈడు తీసి లారీలో సీటు మీద పెట్టినాడంట. నీ పేరేంది అని అడిగినాడంట. వేలు అని చెప్పినాడంట. సరి వేలూ, పక్కనే ఉండు అన్నాడంట. అంతే." పాప్పాత్తి చేతిలోని కొవ్వొత్తిని కొంగులో చుట్టుకుంది. "వచ్చినప్పుడల్లా అడుగుతా. ఆడు అదే చెప్తాడు. కొత్తగా ఒక్క మాటన్నా గుర్తొస్తాదేమోనని మళ్లీ అడుగుతా."

"ఆణ్ణి క్షమించేసినావా?"

"అది పాస్టరయ్య మాట. నాకు తెలీదు. ఆంటో కడమాట ఆడి చెవిలో ఉండాది. ఆడు వచ్చి కూర్చుంటే అది కూడా వచ్చి కూర్చున్నట్టు ఉంటాది నాకు."

"నాకెందుకు చెప్పలేదు?" అంది జీవిత.

పాప్పాత్తి అప్పుడు ఆగి కూతురి వైపు తిరిగింది. "నువ్వు దినామూ ఆ కంప్యూటర్లో నల్లటి మచ్చను చూసుకుంటా కూర్చున్నావే, నేను చూళ్లేదనుకున్నావా? మచ్చలో నీకు ఎవురు కనిపిస్తా ఉన్నారో నాకు తెలీదా? ఎవురైందీ చెప్పేస్తే నీకు అది కూడా లేకుండా పోతాదని ఊరుకున్నా."

 ఇంటికి వచ్చాక జీవిత కంప్యూటరు తెరవలేదు. ఆ పాత ఫోటోల్లో స్తంభానికి ఆనుకున్నవాడికి ఇప్పుడు మొహం ఉంది. ఇక ఎంత చిన్నది చేసి చూసినా అన్న కాలేడు. ఆంటో చనిపోయిన రోజు ఆమె ఆసుపత్రికీ స్టేషనుకూ తిరుగుతూ ఏడవడం మరిచిపోయింది. ఆ ఏడుపు ఇప్పుడు వచ్చింది. తల్లి వంటగదిలో గిన్నెలు కడుగుతూ, ఆ చప్పుడు ఆపకుండా ఉండిపోయింది.

పాస్టరు ఫోటోలు చూసి సంబరపడ్డాడు. "ముఖములు ప్రకాశించుచున్నవి!" అన్నాడు. కొంతసేపటికి, "సంఘమంతయు ఒకే చిత్రములో ఉన్నది ఏది సహోదరీ?" అని అడిగాడు. అలాంటిది ఒక్కటీ లేదు. ఆ లెన్సుతో రాదు. వెంకటపతి చెప్పింది అదే. చివరి బెంచీ ఫోటో ఒకటి ఆమె పాస్టరుకు ఇవ్వలేదు, ఎవరికీ చూపించలేదు, చెరిపేయనూ లేదు.

ఆ తర్వాత వేలు రావడం మానేశాడు. క్రిస్మస్ ఆరాధనకు రాలేదు, కొత్త సంవత్సరానికి రాలేదు. పాప్పాత్తి మాత్రం ఇప్పుడు ప్రతిసారీ వెళ్లి ఆ చివరి బెంచీలోనే కూర్చుంటోంది. తలుపు చప్పుడైతే తిరిగి చూస్తోంది. ఇంట్లో అన్నం కలిపి ముద్ద నోట్లో పెట్టుకోకుండా ఆలోచనలో పడుతోంది. కూతుర్ని ఒక్క మాట అనలేదు. ఆమె అనకపోవడమే జీవితకు మోయలేనిదైంది. ఆంటో మాటల్ని మోసుకొచ్చే మనిషిని తనే, ఒక ఇటికరాయంత లెన్సు గురిపెట్టి, తరిమేసింది.

వ్యాసర్‌పాడిలో వాకబు చేస్తే, కీల్పాక్‌లో నీళ్ల లారీలు నింపుకునేచోట పనిచేస్తున్నాడని చెప్పారు. ఒక మధ్యాహ్నం సెలవు పెట్టి వెళ్లింది. లారీలు వరసగా నిలబడి ఉన్నాయి. నేలంతా తడి. వేలు లారీ తోలడం లేదు. ఒక లారీ పైన నిలబడి లావాటి పైపు పట్టుకుని నీళ్లు పడుతున్నాడు. ఆమెను చూసి పైపు పక్కవాడికి అందించి దిగాడు. తప్పించుకుపోతాడేమో అనుకుంది. చేతులు కట్టుకుని ఎదురుగా నిలబడ్డాడు.

"మా అమ్మ ఎదురు చూస్తా ఉండాది" అంది జీవిత. చెప్పాలని తెచ్చుకున్న మాటలు ఇంకేవీ గుర్తు రాలేదు.

"ఫోటో తీసినారు గదమ్మా."

"కోర్టుకి ఇవ్వను. ఎవురికీ ఇవ్వను."

"కోర్టుకి ఇచ్చినా పర్లేదు. నేను తోలింది నిజం, వానలో బ్రేకు పడలేదు, నిజం." అతను తల దించుకున్నాడు. "ఆ అమ్మ పక్కన, ఆ వెలుతుర్లో నా మొహం ఉండకూడదు. ఆడ ఉండాల్సింది ఆయన మొహం. మీరు కెమెరా తిప్పినప్పుడు అది తెలిసింది నాకు. ఆ దినం నుంచి కాళ్లు రావట్లా."

లారీ ఒకటి హారను కొడుతూ కదిలింది. ఇద్దరూ పక్కకు జరిగారు.

"ఒక్కటి అడగొచ్చామ్మా?" అన్నాడు వేలు. "ఆయన ఫోటో ఏదన్నా ఉండాదా మీ కాడ? నాకు ఆ ఒక్క మొహమే తెలుసు. వానలో, రోడ్డు మీద. కళ్లు మూస్తే అదే. నిద్దర్లో అదే. ఆయన మామూలుగా ఎట్లుంటాడో నాకు తెలీదు."

 ఈ మనిషికి అది ఎందుకు ఇవ్వాలి అని ఒక్క క్షణం ఆమె ఒళ్లు మండింది. అయినా ఫోను తీసింది. ఏదో పెళ్లిలో ఆమె తీసిన ఫోటో అది. ఆంటో మెడలో కెమెరాతో, చేతిలో బిర్యానీ ప్లేటుతో, నోటినిండా అన్నంతో, తీయొద్దే అని అరుస్తూ నవ్వుతున్నాడు.

వేలు తడి చేతుల్ని చొక్కాకు తుడుచుకుని ఫోను అందుకున్నాడు. చాలాసేపు చూశాడు.

"ముందు పన్ను ఇట్లా ఇంకోదాని మీదికి ఎక్కి ఉండాదే."

"ఔను. నవ్వితేనే కనిపిస్తాది."

"నాకు తెలీదమ్మా" అన్నాడు. ఆ మాట మళ్లీ అన్నాడు. అంతలో ఫోను ఆరిపోయింది. అతను చూపుడువేలితో తాకాడు. ఎంత తుడుచుకున్నా పోని తడికి అది పలకలేదు. జీవిత తన కొంగుతో అద్దం తుడిచి, వెలిగించి, మళ్లీ అతని చేతిలో పెట్టింది.

ఆ ఆదివారం వేలు వచ్చాడు. పాప్పాత్తి పక్కకు జరిగి చోటిచ్చింది. పాట మొదలవక ముందే అతని చెవి దగ్గరకు వంగి ఏదో అడగడం, అతను జవాబు చెప్పడం, జీవిత బలిపీఠం పక్కనుంచి ఉత్త కళ్లతోనే చూసింది.